ఎనిమిదో సర్వర్

2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో చిన్న మదుపరుల ఆర్డర్ల కోసం కొత్త పథకం మొదలైంది. అందుకోసం న్యూజెర్సీకి చెందిన నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజి సంస్థ, ఆర్డర్లను మార్కెట్‌కు పంపే తన ఎనిమిది సర్వర్లకు కొత్త కోడ్ సిద్ధం చేసుకుంది. జూలై 27 నుంచి విడతలవారీగా సర్వర్లలోకి ఎక్కించారు. ఏడింటిలో పడింది. ఎనిమిదోదానిలోకి ఒక టెక్నీషియన్ కాపీ చేయలేదు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం ఆ సంస్థలో రాసి లేదు.

ఆ టెక్నీషియన్‌ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఇన్ని యంత్రాల్లో ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే ఎవరైనా ఎక్కడో ఒకచోట దాటేస్తారు. ఎనిమిదింటిలోనూ ఒకే కోడ్ ఉందా అని పోల్చి చూసే పని ఒక చిన్న స్క్రిప్టుకు అప్పగించి ఉంటే క్షణాల్లో తేలిపోయేది. సర్వర్లకు కోడ్ ఎక్కించే పనిని ఆటోమేట్ చేయమని పోరేది ఇందుకే.

ఆ ఎనిమిదోదానిలో, మిగతా ఏడింటిలోనూ కొత్త కోడ్ రాకముందు ఉన్న పవర్ పెగ్ అనే పాత కోడ్ అలాగే ఉంది. 2003లోనే దాని వాడకం మానేశారు, తీసేయడం మాత్రం ఎవరూ చేయలేదు. ఒకప్పుడు దాన్ని నడిపిన ఫ్లాగ్ అనే గుర్తునే ఇప్పుడు కొత్త కోడ్‌కు కేటాయించారు. ఫ్లాగ్ వేసిన ఆర్డరు ఏడు సర్వర్లలో కొత్త కోడ్‌ను కదిలిస్తే, ఎనిమిదోదానిలో పవర్ పెగ్‌ను లేపింది. ఆర్డరు పూర్తయిందని లెక్కచూసి ఆపాల్సిన భాగాన్ని 2005లోనే వేరే చోటికి జరిపారు. దాంతో పవర్ పెగ్‌కు ఆగడం తెలియలేదు.

ఆగస్టు 1 ఉదయం 8:01 నుంచి సంస్థలోని ఒక అంతర్గత వ్యవస్థ సిబ్బందికి ఈమెయిళ్లు పంపుతూనే ఉంది. మార్కెట్ తెరిచేలోగా 97 వచ్చాయి. వాటిలో పవర్ పెగ్ పేరు స్పష్టంగా ఉంది. అవి హెచ్చరికలుగా తయారుచేసినవి కావు. సిబ్బంది వాటిని పట్టించుకోలేదు.

9:30కు మార్కెట్ తెరిచారు. సుమారు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు జరిగిపోయాయి. చేతులు మారిన షేర్లు 39 కోట్ల పైమాటే. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

ఆ ముప్పావుగంటలో ఇంజనీర్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కోడ్‌లో ఏదో తేడా జరిగిందని గ్రహించి, గండం గట్టెక్కే దారి వెతికారు. ఆ ప్రయత్నాల్లో భాగంగా, కొత్త కోడ్ సక్రమంగా పడిన ఏడు సర్వర్ల నుంచీ దాన్ని తీసేశారు.

అలా ఎనిమిది సర్వర్లలోనూ ఒకే కోడ్ మిగిలింది. పవర్ పెగ్.