లింకు గలదె చెలియ: ఒక చాటువుకు టీకా తాత్పర్యం

లింకు గలదె చెలియ! లేదన్న నిదురేది
సబ్బులున్నదైన చాలు నాకు
ప్రకటనలను నొక్కి పదిసార్లు మూసెద
నెలకు రొక్కమన్న నిదుర వచ్చు

అవతారిక: కొరియన్ ధారావాహికలు వారానికి రెండు భాగాల చొప్పున వచ్చి, పదహారింటితో ముగియడం ఆనవాయితీ. పన్నెండో భాగం చివర నాయకుడు వానలో తడుస్తూ నోరు తెరవబోయాడు. అంతలో పేర్లు పడిపోయాయి. వారమంతా ఓర్చుకుని, శనివారం రాత్రి అమీర్‌పేట హాస్టల్ పై బెర్తు నుంచి ఒక నాయిక వాట్సాపులో తన సఖికి పంపిన పద్యం ఇది.

ప్రతిపదార్థం: చెలియ! = ఓ స్నేహితురాలా (టెలిగ్రామ్ గ్రూపులో ముఖం తెలియని మనిషైనా సరే, లింకు ఇస్తే చెలియే); లింకు = దొంగ సైటు చిరునామా; కలదె = ఉందా; లేదన్నన్ = లేదంటే; నిదుర + ఏది = నిద్ర ఎక్కడిది; సబ్బులు = ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు (ఒంటికి రుద్దుకునేవి అని ఒకరు అర్థం చెప్పారు, అది నవ్వదగినది); ఉన్నది + ఐనన్ = ఉన్నదైతే; నాకున్ = నాకు; చాలు = అంతే చాలు; ప్రకటనలను = రమ్మీ ఆడమనీ, మీ ఫోనుకు వైరస్ పట్టిందనీ మీద పడే కిటికీలను; నొక్కి = చీమతలంత ఇంటూ గుర్తును వెతికి వేలు పెట్టి; పదిసార్లు మూసెదన్ = పదిమార్లు మూస్తాను (‘పది’ ఉపలక్షణం, లెక్క అంతకంటే ఎక్కువే); నెలకున్ = నెలనెలా; రొక్కము + అన్నన్ = చందా కట్టమంటే; నిదుర వచ్చున్ = ఆవులింత వస్తుంది.

పాఠాంతరం: ‘సబ్బు లేనిదైన’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. చూసిచూసి కొరియన్ భాష పట్టుబడిన ముదురు శ్రోత్రియుల పాఠం అది. సామాన్యులకు పనికిరాదు.

తాత్పర్యం: ఓ సఖీ! లింకు పంపు. సబ్‌టైటిళ్లుంటే చాలు, ప్రకటనల బాధ నేను పడతాను. డబ్బు మాట మాత్రం ఎత్తకు.

విశేషాలు: నాలుగో పాదం ఒక్కటే చదివి పూర్వపక్షులు నాయికను పిసినారి అని తేల్చారు. ధరే కారణమైతే ఈ పద్యానికి ఎప్పుడో కాలం చెల్లాలి. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో మొబైల్ చందాను 199 రూపాయల నుంచి 149కి దించింది. అమీర్‌పేటలో ఒక చికెన్ బిర్యానీ దానికన్నా ప్రియం. నాయిక బిర్యానీ మానలేదు.

పద్యానికి ఆయువుపట్టు మూడో పాదం. ఆమె ఊరికే చూడటం లేదు, ఓపికతో మూల్యం చెల్లిస్తోంది. మరి ప్రకటనలు ఓర్చుకునే మనిషి, ప్రకటనలతోనే ఉచితంగా చూపే సక్రమమైన చోటికి ఎందుకు పోదు? ఎంఎక్స్ ప్లేయర్ కొరియన్, టర్కిష్ కథలకు తెలుగు గొంతులు పెట్టి మరీ చూపింది కదా? సమాధానం రెండో పాదంలో ఉంది: ఆమె అడిగింది సబ్బులు, డబ్బింగు కాదు. వానలో నాయకుడు పలకబోయే ఆ ఒక్క మాటా అతని గొంతులోనే వినాలి. మొదటి పాదంలో ‘ఇప్పుడే’ అన్న పదాన్ని కూడా అధ్యాహారం చేసుకోవాలి. ఈ రాత్రి పోయిన నిద్రకు వచ్చే ఏడాది వచ్చే డబ్బింగు మందు కాదు.

‘ఇప్పుడే, ఇక్కడే, ఆ గొంతుతోనే’ అని మూడూ కలిపి అడిగితే దుకాణదారులు దేశపటం తీస్తారు. హక్కులు దేశాలవారీగా, ఏళ్లవారీగా అమ్ముడవుతాయి. ఒక కథ ఒక చోట, మరో కథ మరో చోట, మూడోదాన్ని మన దేశానికి ఎవరూ కొననే లేదు. వికీ అనే ఆసియా ధారావాహికల వేదిక ఉంది (వికీపీడియాకు చుట్టం కాదు, 2013లో రాకుటెన్ కొన్నది). అక్కడ చందా కట్టి కూర్చున్నా ‘మీ ప్రాంతంలో లభించదు’ అన్న పలక ఎదురుకావచ్చు. చైనాలోనైతే నెట్‌ఫ్లిక్స్ దుకాణమే లేదు. అయినా 2021లో నెట్‌ఫ్లిక్స్‌వారి స్క్విడ్ గేమ్‌ను జనం అక్కడా విరగబడి చూశారు. డబ్బు కట్టిన సజ్జనుల గతి అమెరికాలో తేలింది: 2018 అక్టోబరు 16న వార్నర్ బ్రదర్స్ తన కొరియన్ ధారావాహికల వేదిక డ్రామాఫీవర్‌ను చెప్పాపెట్టకుండా మూసేస్తే, చందాదారులు సగం కథలతో వీధిన పడ్డారు. దొంగ సైట్లూ చిరంజీవులు కావు. 2024 చివర్లో డ్రామాకూల్ మూతపడింది. కాకపోతే వాటికి పునర్జన్మ త్వరగా దొరుకుతుంది.

అలాగని నాయికను పూర్తిగా వెనకేసుకురాలేం. వికీలో సబ్‌టైటిళ్లు రాసేది చాలావరకు జీతంలేని అభిమానులు. దొంగ సైటు ఆ చాకిరీని ఎత్తుకుపోయి పక్కన రమ్మీ అమ్ముకుంటుంది. పైగా నాయిక నెట్‌ఫ్లిక్స్‌లో నిక్షేపంగా ఉన్న కథకు కూడా లింకే అడుగుతుంది! 2023 జూలై దాకా బావగారి పాస్‌వర్డుతో గడిచింది. ఆ నెలలో ఒక ఇంటి ఖాతా ఇంకో ఇంట్లో చెల్లదని ఇక్కడా చాటింపు వేశాక ఆమెకు ధర్మాధర్మ విచికిత్స పట్టుకుంది, ఒక్క పూటే. ఇక్కడ మాత్రం పూర్వపక్షుల మాటే నెగ్గింది.

నాయికాభేదం: విరహోత్కంఠిత. ఇయర్‌ఫోన్లు, ఛార్జరు, చిప్స్ పొట్లం సిద్ధం చేసుకుంది కాబట్టి వాసకసజ్జిక అని కూడా అనవచ్చు.

అలంకారం: మొదటి పాదంలో రాని నిద్ర చివరి పాదంలో వచ్చింది గనుక విరోధాభాస.

ఛందస్సు: ఆటవెలది. రెండో పాదంలో స–చా యతి చెల్లుతుంది. మూడో పాదం నడుమ కొన్ని ప్రతుల్లో ‘వెయ్యి రూపాయల బోనస్, ఇప్పుడే చేరండి’ అని కనిపిస్తోంది, అది ప్రక్షిప్తం.