పలికీ పలకని ఇంటర్‌కమ్: మావయ్య బండికి బిగించే చిట్కాలు

బరంపురంలో కాస్త కలిగిన మావయ్య ఉన్న ప్రతి మేనల్లుడికీ ఈ యోగం ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. చుట్టాలందరినీ మూడు బొలెరోల్లో ఎక్కించి తప్తపాణి తీసుకెళ్లాలని మావయ్యకి బుద్ధి పుడుతుంది. ఇంజను మోతలో ముందు సీటు మాట వెనక సీటుకి వినపడదని హెడ్‌సెట్లు, ఇంటర్‌కమ్ పెట్టె తెప్పిస్తాడు. బండికీ బండికీ మాట్లాడుకోవడానికి 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్లు కూడా తెప్పిస్తాడు. "నువ్వు సైన్సు సదివినావు కదరా, బిగించీ" అంటాడు.

చాలామంది ఇక్కడే చెడిపోతారు. శుభ్రంగా బిగించేస్తారు. ఇక ప్రతి పెళ్లికీ, ప్రతి యాత్రకీ వాళ్లే బిగించాలి. అలాగని పూర్తిగా పాడుచేయడమూ తెలివితక్కువ పనే. చచ్చిన సెట్టును ఎవడో ఒకడు బాగుచేయించేస్తాడు. మనకు కావలసింది పలికీ పలకని సెట్టు. పది మాటల్లో మూడు వినపడితే నేరం ఎవరిదో తేలదు, పని ఎవరి మీదా పడదు. ఆ స్థితికి చేరే మార్గం ఇది.

1. సూచనల పుస్తకం మాయం చేయండి. సీటు కింద పెడితే దొరికిపోతుంది. అత్తయ్య అప్పడాల డబ్బా అడుగున కాగితం బదులు పరిచేయండి.

2. కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచే తీసుకోండి. బ్యాటరీ నుంచి రెండు లావుపాటి తీగలు విడిగా లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలని చెప్పేవాళ్లుంటారు. ఆ ఎండలో బానెట్ కింద దూరేది వాళ్లు కాదు. సాకెట్‌లో ప్లగ్గు కొంచెం వదులుగా ఉంటే మరీ మేలు. వినేటప్పుడు సెట్టుకి కరెంటు పెద్దగా అక్కర్లేదు. మాట్లాడటానికి మీట నొక్కగానే అయిదారు ఆంపియర్లు లాగుతుంది, సన్న తీగలో వోల్టేజి పడిపోతుంది, సెట్టు ఆరిపోతుంది. అంటే మావయ్య అందరి మాటా వినగలడు, ఎవరికీ హుకుం జారీ చేయలేడు. ఇన్నేళ్లుగా ఈ కుటుంబం కోరుకుంటున్నది ఇదే.

ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టండి. ఆ ఫ్యూజు ఇక జన్మలో పోదు. పోవలసి వస్తే తీగ పోతుంది, దాని వెనకే డాష్‌బోర్డు పోతుంది.

3. ఎర్త్ తీగను రంగు మీదే స్క్రూ పెట్టి బిగించండి. రంగు గీకి ఇనుము తేల్చాకే బిగించాలట. కొత్త బండి రంగు గీకితే మావయ్య బాధపడడూ? గీకకపోతే ఆల్టర్నేటర్ రొద చెవిలో కుయ్యిమంటుంది, ఇంజను వేగం పెరిగేకొద్దీ అదీ గొంతు పెంచుతుంది. "స్పీడు మించితే హెచ్చరిస్తుంది మావయ్యా, కంపెనీవాడు పెట్టిన సదుపాయం" అనండి. నమ్ముతాడు, పదిమందికి చెప్పుకుంటాడు కూడా.

4. యాంటెన్నా. అసలు ప్రతిభ చూపించే చోటు ఇది, తొందరపడకండి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే పావు తరంగం కడ్డీ దాదాపు అర మీటరు ఉంటుంది. దాన్ని కప్పు నడిమధ్య నిలబెడితే కింది రేకు కూడా దానికి సాయపడి, నాలుగు దిక్కులకీ మాట సమానంగా పోతుంది. మనకు దిక్కులన్నీ ఎందుకు? వెనక సీటు కింద పడుకోబెట్టండి. చుట్టూ రేకే కాబట్టి తరంగం కిటికీ దొరికినప్పుడే బయటికి పోతుంది.

కేబుల్‌కి కొత్తగా డబ్బు పెట్టకండి. సెట్టు 50 ఓముల తీగ అడుగుతుంది, ఇంట్లో టీవీకి వేయగా మిగిలిన 75 ఓముల తీగ ఉంది, అంకె పెద్దదే కదా. ఎక్కువైన తీగను డోరు సందులో నొక్కేయండి, వేసినప్పుడల్లా కొంచెం కొంచెం నలుగుతుంది. కనెక్టర్‌కి టేపు చుట్టకండి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి అది తనంతట తనే పచ్చబడుతుంది. ఎవరైనా చూసి అడిగితే పై-లీన్ తుపాను పేరెత్తండి. 2013 అక్టోబర్ 12న అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బండి కొన్నది నిరుడే అయినా ఫరవాలేదు. గంజాం జిల్లాలో ఆ పేరు వింటే ఎవరికైనా ఎగిరిపోయిన తమ ఇంటి రేకులు గుర్తొస్తాయి, మీ కనెక్టర్ సంగతి మరిచిపోతారు.

ఇంకా ధైర్యవంతులు యాంటెన్నా తగిలించకుండానే మీట నొక్కి అరగంట "హలో హలో" అనవచ్చు. బయటికి పోలేని శక్తి వెనక్కి తిరిగి సెట్టులోని చివరి ట్రాన్సిస్టర్‌ను వేయించేస్తుంది. కానీ ఇది పూర్తిగా పాడుచేసే పద్ధతి, అందుకే నేను సిఫారసు చేయను.

5. హెడ్‌సెట్ మైకు పెదవులకి ఆనీ ఆననట్టు ఉండాలి. రొద వడకట్టే మైకు దగ్గరి గొంతునే పట్టుకుంటుంది, దూరపు మోతను వదిలేస్తుంది. కాబట్టి గడ్డం కిందికి వంచండి. అప్పుడు దానికి మీ గొంతూ ఇంజనూ ఒకటే. తర్వాత, గొంతు వినపడితేనే మైకు తెరుచుకునే మరను బాగా బిగించండి. మొదటి మాట మైకును నిద్రలేపడానికే సరిపోతుంది. "ఎడమకి తిరుగు" అంటే "తిరుగు" ఒక్కటే చేరుతుంది. ఎటు అన్నది డ్రైవరు ఇష్టం.

6. లైసెన్సు. ఇలాంటి సెట్టులో మాట్లాడటానికి లైసెన్సు ఉండాలి. హామ్, అంటే సరదా కొద్దీ రేడియో నడిపేవాడు, కావాలంటే పరీక్ష రాసి కాల్‌సైన్ తెచ్చుకోవాలి. 1999 పెనుతుపానులో ఫోన్లన్నీ పడిపోయినప్పుడు కబుర్లు చేరవేసింది ఆ హామ్‌లే. సెట్టు పలకాలని కోరుకునే అమాయకులు. 2018 నుంచి 446 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువ శక్తి చేతి సెట్లకి లైసెన్సు అక్కర్లేదు గానీ, అంత చిన్నవి మావయ్య హోదాకి చాలవు. మీరు చూసుకోవలసింది ఒక్కటే: బిల్లు ఎవరి పేరున ఉంది? మావయ్య పేరునైతే నిశ్చింతగా బిగించండి.

7. మీ వీధిలో గోలబంద ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ నుంచి రిటైరైన బాబాయి ఉంటే, ఆ సందులోంచి బండి పోనివ్వకండి. షిల్కా అనే తుపాకుల బండిలో నలుగురు మనుషులు ఆ మోత మధ్య ఇంటర్‌కమ్‌లోనే మాట్లాడుకోవాలి. అక్కడి నుంచి వచ్చిన మనిషికి మీ సెట్టు ఓ లెక్క కాదు. మీ హెడ్‌సెట్ పక్కవాడి సాకెట్‌లో పెడతాడు. తప్పు హెడ్‌సెట్‌తో పాటు వెళ్లిందా, పాత సాకెట్‌లోనే ఉండిపోయిందా చూస్తాడు. ఇంజను ఆపి రొద పోయిందా వింటాడు. ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. మీరు మాత్రం అన్నీ ఒకేసారి ఊడదీసి, అన్నీ ఒకేసారి బిగించండి. రోగం ఎక్కడుందో బ్రహ్మకీ తెలియకూడదు.

8. దారిలో. దిగపహండి దాటి ఘాటీ ఎక్కాక కొండ అడ్డొచ్చి వీహెచ్‌ఎఫ్ నిజంగానే అందదు. ఇంత మంచి నిజాన్ని ఘాటీ దాకా దాచుకోవడం దేనికి? గిరి రోడ్డులోనే మొదలెట్టండి. "కొండ అడ్డొచ్చింది మావయ్యా." కొండేదిరా అంటే సమాధానం చెప్పకండి, కొండ అడ్డొచ్చింది కదా. ఠాకురాణి యాత్ర జరిగే ఏడైతే నేరం ఊళ్లోని మైకుల మీదికి తోసేయొచ్చు. అలసటగా ఉంటే మీట మీద కూర్చోండి. ఒకరు నొక్కి ఉంచితే ఆ చానెల్‌లో ఇంకెవరి మాటా వెళ్లదు. మీరు పల్లీలు నమిలే చప్పుడు మాత్రం మూడు బళ్లకీ చక్కగా చేరుతుంది.

9. అన్నీ సక్రమంగా చేశారనుకోండి, మధ్యాహ్నానికి మావయ్య తప్తపాణిలో వేడినీళ్ల గుండం పక్కన ఒంటరిగా ఉంటాడు. పిల్లలున్న బండి మోహన దాటి పర్లాకిమిడి వైపు పోతూ ఉంటుంది. పులిహోర గోపాల్‌పూర్ బీచికి చేరుతుంది. "ఏటిరా ఇది?" అని మావయ్య ఫోన్ చేస్తే, సెట్లు విశాఖపట్నం పట్టుకెళ్లి చూపించాలని చెప్పండి. రానూ పోనూ రైలు ఖర్చు, రెండు రోజుల భోజనం ఆయన ఇస్తాడు. అక్కడ ఓ ఫ్యూజు కొని బిల్లు తెచ్చి చూపించండి. ఫ్యూజు మాత్రం వేయకండి.