పట్టాలు పీకిన ఊళ్లో మెట్రో

సంతోషం. ఈసారి మన బెజవాడ మెట్రో డబుల్ డెక్కరట. కింద రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్, ఆ ఫ్లైఓవర్ నెత్తిన మెట్రో. రామవరప్పాడు రింగు నుంచి నిడమానూరు దాకా 4.7 కిలోమీటర్లు ఇలా మూడంతస్తులు లేపుతారట. మన ఊళ్లో ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవాలంటే ప్లాను కాగితాలు చంకన పెట్టుకుని చెప్పులరిగేలా తిరగాలి. రోడ్డు మీద అంతస్తులు వెయ్యడానికి మాత్రం పేపర్లో ఒక రంగుల బొమ్మ పడితే చాలు. బొమ్మ చాలా బాగుంది. ఆకాశం నీలంగా ఉంది, చెట్లు పచ్చగా ఉన్నాయి, రోడ్డు మీద పట్టుమని పది కార్లు లేవు, ఆటో ఒక్కటీ లేదు. ఆటో లేని రింగు సెంటరును ఆ బొమ్మ గీసినాయన ఏ దేశంలో చూశాడో మరి.

మా వీధిలో అప్పుడే సగం మంది మెట్రో ఎక్కేశారు. ఒకాయన రోజూ బస్టాండులో ఎక్కి గన్నవరంలో దిగి విమానం పట్టుకుంటున్నాడు. 'విమానమెక్కి ఎక్కడికి బాబాయ్?' అంటే ఆలోచనలో పడ్డాడు. అంతకంటే ముందు ఎక్కినవాళ్లు ప్లాట్లమ్మేవాళ్లు. గన్నవరం, పెనమలూరు దారుల్లో ఏ బోర్డు చూసినా 'మెట్రో స్టేషన్‌కు అయిదు నిమిషాలు' అని ఉంటుంది. స్టేషన్ లేదు. పట్టా లేదు. అయిదు నిమిషాలు మాత్రం ఉన్నాయి, గజానికింత అని వాటి ధర కూడా ఉంది.

ఈ మెట్రో నాకు కొత్త చుట్టమేం కాదు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో 'పరిశీలిస్తాం' అన్న దగ్గర మొదలైంది. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారొచ్చి చూసి వెళ్లారు. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్లు డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) చేతిలో పెట్టారు: బస్టాండు నుంచి ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరుకొకటి, బందరు రోడ్డు మీదుగా పెనమలూరుకొకటి, మొత్తం 26 కిలోమీటర్లు, ఖర్చు 6,769 కోట్లు. టెండర్లు పిలిచారు, రేటు ఎక్కువుందని రద్దు చేశారు, ఢిల్లీ వాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. అప్పుడు ఎవరికో జ్ఞానోదయమై, ఈ ఊరికి అంత మెట్రో ఎందుకు, లైట్ మెట్రో చాలన్నారు. ఇంకో డీపీఆర్. 2019లో ప్రభుత్వం మారింది, లైట్ మెట్రో విశాఖ రైలెక్కి వెళ్లిపోయింది. 2024లో మళ్లీ మారింది, మెట్రో మళ్లీ వచ్చింది. ఈసారి 38.4 కిలోమీటర్లు, 11,009 కోట్లు. అంటే పదేళ్లలో మన మెట్రో పన్నెండు కిలోమీటర్లు పెరిగింది. ఒక్క పట్టా పడకుండా ఇంత పొడుగు సాగిన రైలు ప్రపంచంలో ఇంకోటి ఉంటే చెప్పండి.

దీన్నయినా భరించవచ్చు. నేను భరించలేనిది బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్, అంటే బీఆర్‌టీఎస్ రోడ్డు. ఈ ఊళ్లో ఎవరు మెట్రో అన్నా నా కళ్ల ముందు అదే కదులుతుంది.

సత్యనారాయణపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏలూరు రోడ్డుకు దగ్గర్లోనే, ఇళ్ల మధ్య నుంచి రైలు పట్టాలుండేవి. నిజం పట్టాలు. వాటి మీద నిజం రైళ్లు తిరిగేవి. ఊరు పెరిగాక ఊరి నడుమ రైలెందుకని వాటిని పీకేశారు. సాఫీగా, తిన్నగా, కోర్టు కేసులూ కూల్చివేతలూ అక్కర్లేని జాగా చేతికొచ్చింది. ఇప్పుడు మెట్రో కోసం ఏ జాగాకయితే నష్టపరిహారాలు లెక్కలేస్తున్నారో, అలాంటి జాగా ఉత్తినే దొరికింది. దాని మీద ఏం పెట్టాలి? బస్సు పెట్టాలన్నారు. మంచి మాటే. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పథకం డబ్బులొచ్చాయి. 15.5 కిలోమీటర్ల బీఆర్‌టీఎస్, నూట యాభై కోట్లు దాటిన మంజూరు. మధ్యలో బస్సులకు మాత్రమే దారి, పక్కల మిగతా బండ్లకు దారి. దక్షిణ అమెరికాలో ఎక్కడో బస్సులు రైళ్లలా పరిగెడుతున్నాయి, ఇక మనవీ పరిగెడతాయన్నారు. అప్పుడు కూడా ఒక బొమ్మ వేశారు. అందులోనూ ఆకాశం నీలంగానే ఉంది.

అంతా కుదిరింది. దారి కుదిరింది, డివైడర్లు కుదిరాయి, పేరు కుదిరింది. బస్సొకటే కుదరలేదు.

ఇప్పుడు వెళ్లి చూడండి. పొద్దున్నే వెళితే పెద్దాయనలు చేతులూపుకుంటూ నడుస్తుంటారు. షుగరు తగ్గడానికి ఇంత ఖరీదైన మందు ఏ ఆసుపత్రిలోనూ దొరకదు. కాస్త పొద్దెక్కితే కారు నేర్చుకునే కుర్రాళ్లు. మధ్యాహ్నం చెట్టు నీడ ఎటు పడితే అటు పార్కింగు. రాత్రయితే టిఫిన్ బండ్లు, నూనె వాసన, ప్లాస్టిక్ కుర్చీలు. నాకు వీళ్లెవరి మీదా కోపం లేదు. ప్రభుత్వం కట్టి మరిచిపోయిన రోడ్డును జనం తమకు తోచినట్టు వాడుకుంటున్నారు. కట్టినవాళ్లకంటే తెలివిగానే వాడుకుంటున్నారు. 'బీఆర్‌టీఎస్ రోడ్డు దగ్గర ఆపు' అని ఆటో అతనికి చెబితే ఠక్కున ఆపుతాడు. ఆ అక్షరాల్లో రెండోది దేనికి పెట్టారని అడిగితే మాత్రం వెర్రివాణ్ని చూసినట్టు చూస్తాడు.

ఇది బెజవాడ ఒక్కదాని ఘనతేనని గర్వపడబోకండి. విశాఖకూ బీఆర్‌టీఎస్ ఇచ్చారు, మనకంటే పెద్దది. అక్కడ కూడా ఇప్పుడు డబుల్ డెక్కరే. వరస తెలుస్తోంది కదా. నేల మీద బస్సు నడపలేనివాళ్లు రెండంతస్తులెక్కి రైలు నడుపుతారు.

మన బస్సుల రోడ్డు ఎందుకు పాడుబడిందని ఎవరైనా ఒక విచారణ వేశారా? ఒక పేజీ నివేదిక రాశారా? బస్సులు ఎందుకు పెట్టలేదు, పెట్టినవి ఎందుకు నిలవలేదు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు తప్పించుకున్నారు, ఎవరైనా చెప్పారా? చెప్పరు. చెబితే మెట్రోకి కూడా అవే ప్రశ్నలు వేస్తారు జనం. అందుకే పాత బొమ్మ మీద కొత్త బొమ్మ అంటిస్తారు. ఆరేడు ఎకరాల కొబ్బరితోట ఎండబెట్టినవాడు పక్క ఊళ్లో ఆయిల్‌పామ్ వేస్తానని బ్యాంకుకెళితే, ఆ తోట ఏమైందని మేనేజరయినా అడుగుతాడు. 11,009 కోట్లకు ఆపాటి అడిగేవాడు లేడు.

ఈ లోగా ఊరు ఎలా తిరుగుతోంది? షేర్ ఆటోలో, డ్రైవరు పక్కన అర సీటు మీద వేలాడుతూ తిరుగుతోంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. చెయ్యాల్సిన పనే. అయితే టిక్కెట్టు తీసెయ్యడం సులువు, బస్సు తేవడం కష్టం. ఏలూరు రోడ్డు మీద ఎండలో నిలబడ్డ ఆడమనిషికి టిక్కెట్టు భారమా, ఎంతసేపటికీ రాని బస్సు భారమా? నిలబడడానికి ఒక రేకుల షెల్టరు వేయించలేరు. ఫుట్‌పాత్ మీద బోర్డు పెట్టినవాణ్ని తీయించలేరు. కాలినడకన స్టేషన్ దాకా చేరే దారే లేని ఊళ్లో స్టేషన్‌కి ఎస్కలేటర్ వేస్తారట! ఇది అభివృద్ధి కాదు. పని చెయ్యకుండా తప్పించుకోవడానికి పెద్దవాళ్లు కనిపెట్టిన అతి ఖరీదైన సాకు.

ఏలూరు రోడ్డు కొట్లవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. డీపీఆర్ మారినప్పుడల్లా ఎవరో వస్తారు, కొలుస్తారు, గుర్తు పెడతారు, పోతారు. కొట్టు ఉంటుందో పోతుందో తెలియక ఒకడు పైకప్పు బాగుచేయించుకోడు, ఇంకోడు కొడుక్కి అప్పగించడు. గోడ కూలితే యజమానికి పరిహారం వస్తుంది. ముప్పై ఏళ్లుగా అద్దెకున్న పుస్తకాల కొట్టాయనకి, టైలరుకి, టీ బండికి ఏమొస్తుంది? దుమ్మొస్తుంది. హైదరాబాద్ సుల్తాన్ బజార్ వ్యాపారులను అడిగి రండి, మెట్రోతో ఎన్నేళ్లు కొట్లాడారో చెబుతారు. పదేళ్లుగా కట్టని మెట్రో కూడా మనుషుల్ని ఇబ్బంది పెట్టగలదని కనిపెట్టింది మాత్రం మన ఊరే.

'నష్టమేముంది, ప్రైవేటు వాళ్లు పెట్టుబడి పెడతారు కదా' అనే పెద్దమనుషులకో మాట. హైదరాబాద్ మెట్రోకి 2008లో మేటాస్ సంస్థ సర్కారు నుంచి పైసా అడగకపోగా తానే 30,311 కోట్లు ఎదురిస్తానంది. మరుసటి ఏడాదికి ఆ ఒప్పందమే లేదు. ఆ తర్వాతొచ్చి 69 కిలోమీటర్లు కట్టి నడిపిన ఎల్ అండ్ టీ, నష్టాలు మోయలేక 2025లో ప్రభుత్వానికి అప్పగించి తప్పుకుంటానంది. అది కోటిమంది ఊరు. మనది ఎంత?

ఇక గడువు. దుర్గగుడి ఫ్లైఓవర్ రెండున్నర కిలోమీటర్లు. 2015 డిసెంబరులో మొదలెట్టి 2020 అక్టోబరులో తెరిచారు. అదే లెక్కన 38.4 కిలోమీటర్లకు డెబ్బై ఏళ్లు పైమాటే. మనవల పేర్లతో స్మార్ట్ కార్డులు తీసుకోండి.

కేంద్రం 2017లో రాసిన మెట్రో విధానం కూడా ఒకటుంది. ముందు ఊరి మొత్తానికి సమగ్ర రవాణా ప్రణాళిక వెయ్యండి, మెట్రో కాక వేరే దారులేమున్నాయో తూచండి, ఆ తర్వాతే మెట్రో సంగతి అంటుంది అది. అంటే ఢిల్లీ వాళ్లకు కూడా తెలుసు, ముందు బస్సు లెక్క తేల్చాలని. మనం ముందు పిల్లర్ల లెక్క తేల్చాం.

ఇదంతా రాస్తే అభివృద్ధి నిరోధకుడంటారు. అననివ్వండి. నేనడిగేదానికి డీపీఆర్ అక్కర్లేదు, విదేశీ అప్పక్కర్లేదు, ఎవడి కొట్టూ కూలక్కర్లేదు. బీఆర్‌టీఎస్ రోడ్డు మధ్య దారి ఖాళీ చేయించి, పది నిమిషాలకొక బస్సు తిప్పండి. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మీద కూడా అంతే. ఒక ఏడాది ఆగకుండా తిప్పండి. అది చేతనైతే మెట్రో గురించి మాట్లాడండి, నేనే వచ్చి చప్పట్లు కొడతాను. బస్సుకు శంకుస్థాపన ఉండదు, శిలాఫలకం మీద పేరుండదు. మీకున్న ఇబ్బందల్లా అదేనని మాకు తెలుసు.