నిర్బంధంపై పీహెచ్‌డీ: నిర్బంధంగా పూర్తిచేసే చిట్కాలు

అంశం అదిరింది. 'సంరక్షణ కేంద్రాల్లో మాటల ద్వారా జరిగే నిర్బంధం' అని సినాప్సిస్ మీద చూడగానే గైడు గారు తల ఊపారంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి తెలివి అక్కర్లేదు, ఓపిక అసలే అక్కర్లేదు. కింది చిట్కాలు పాటించండి. ఫెలోషిప్ ఆగిపోయేలోపు థీసిస్ బైండింగుకు వెళ్తుంది.

1. గేటుకి బయటి నుంచి తాళం పడే చోటు వెతకండి.
వృద్ధాశ్రమం శ్రేష్ఠం. కాలనీల్లో సర్వేకి వెళ్తే 'సాయంత్రం రండి' అంటారు, సాయంత్రం వెళ్తే కుక్కను వదులుతారు. ఇక్కడ ఆ బెడద లేదు. ఎవరూ ఎక్కడికీ పోలేరు గనక మధ్యలో తప్పుకునేవాళ్లూ ఉండరు. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజశాస్త్రవేత్త 1955-56లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో, క్రీడల డైరెక్టరుకు సహాయకుడిననే పేరుతో ఏడాదిపాటు రోగుల మధ్య తిరిగాడు. 1961లో 'అసైలమ్స్' పుస్తకం వేశాడు. ఏడాది! మీకు ఒక మధ్యాహ్నం చాలు. భోజనాలయ్యాక వెళ్లండి, అందరూ మంచాల మీదే దొరుకుతారు.

2. సమ్మతి ఒక్కరి దగ్గరే తీసుకోండి: మేనేజరు దగ్గర.
నలభై మందిని విడివిడిగా అడిగితే నలభై జవాబులు వస్తాయి. మేనేజరును అడిగితే టీ కూడా వస్తుంది. దీనికి మన గడ్డ మీదే ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసి చూసే అధ్యయనం మొదలైంది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాగితాల లెక్క బయటపెట్టింది: 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ సంతకాలు. సంఘం గట్టిగానే తప్పుపట్టింది. మీరు మాత్రం దాన్ని పొదుపు పాఠంగా చదువుకోండి. ఒక వార్డెన్, ఒక పెన్ను. అంతమంది తల్లిదండ్రులను వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే పని తప్పింది.

ఎథిక్స్ కమిటీ మరీ పట్టుబడితే ఇంక్ ప్యాడ్ తీసుకెళ్లండి. పత్రం చదివి వినిపించకండి. చదివితే అర్థమవుతుంది, అర్థమైతే అడుగుతారు. చాలామంది అది పింఛను లైఫ్ సర్టిఫికెట్ అనుకుని తామే వేలు చాపుతారు. మీరు అవునని చెప్పనక్కర్లేదు, కాదనీ చెప్పనక్కర్లేదు. అబద్ధమాడని తృప్తి మీకే మిగులుతుంది.

3. పెద్దవాళ్లతో పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడండి.
ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసిన మనిషిని 'ఏం తాతా, బువ్వ తిన్నావా' అని పలకరించండి. గొంతు సన్నగా చేసి సాగదీయండి. స్నానం ఆయనదైనా 'మనం స్నానం చేసేద్దామా' అనండి. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ విలియమ్స్ బృందం నర్సింగ్ హోముల్లో డిమెన్షియా ఉన్నవాళ్లకు సేవ చేస్తుండగా వీడియోలు తీసి చూసింది. మామూలుగా మాట్లాడినప్పటికంటే ఇలా ముద్దుచేసి మాట్లాడినప్పుడే వాళ్లు ఎక్కువగా మొండికేశారని 2009లో ప్రచురించింది. ఆ పరిశోధకులు దీన్ని హెచ్చరికగా రాశారు. మీకు మాత్రం ఇది వరం. మొండికేస్తేనే డేటా! తాతగారు చెయ్యి విదిలించగానే రికార్డర్ నొక్కండి. విసుక్కోకపోతే ఇంకోసారి బువ్వ సంగతి ఎత్తండి.

4. నిచ్చెన ఎక్కకండి, రెండో మెట్టు మీద కూర్చోండి.
జార్జ్ జ్ముక్లర్, పాల్ ఆపెల్‌బామ్ 2008లో మానసిక చికిత్సలో వచ్చే ఒత్తిళ్లను మెట్లుగా పేర్చారు. మొదట నచ్చజెప్పడం, తర్వాత దగ్గరితనాన్ని వాడుకోవడం, ఆ తర్వాత ఆశపెట్టడం, బెదిరించడం, చివరికి చట్టం అండతో బలవంతంగా చేయడం. విదేశాల్లో పై మెట్ల దాకా పోతారు కాబోలు. తెలుగువాళ్లకు అంత శ్రమ లేదు. మనకు మొహమాటం ఉంది. 'మీ మీద ఎంతో ఆశ పెట్టుకుని వచ్చానమ్మా, మీరూ కాదంటే నా చదువు ఆగిపోతుంది' అనండి. అసలే మోకాళ్ల నొప్పితో ఉన్న పెద్దావిడ లేచి కూర్చుంటుంది. 'మా అమ్మమ్మ అచ్చం మీలాగే ఉండేది' అంటే ఇంకో గంట ఖాయం. అమ్మమ్మ బతికే ఉన్నా 'ఉండేది' అనే అనండి, జాలి ఎక్కువ పడుతుంది.

మొహమాటం పని చేయకపోతే అబ్బాయి ఉన్నాడు. 'డాలస్‌లో ఉన్న మీ అబ్బాయికి ఫోన్ చేసి మీరు సహకరించట్లేదని చెప్పమంటారా' అని నవ్వుతూ అడగండి. నవ్వు ముఖ్యం. నవ్వుతూ అన్నది బెదిరింపు కింద రాదని మీ నాలుగో అధ్యాయంలో మీరే రాసుకోవచ్చు. 'మాత్ర ముందు వేసుకుంటారా, కాఫీ ముందు తాగుతారా' అని ఆయమ్మలు అడుగుతుంటే వినే ఉంటారు, అదీ నేర్చుకోండి. 'ఇంటర్వ్యూ ఇప్పుడిస్తారా, టీ తాగాక ఇస్తారా?' ఇవ్వను అనే మూడో సంగతి ఆ ప్రశ్నలో ఎక్కడా ఉండదు.

5. ఏ చిన్న విషయంలోనూ ఎంపిక ఇవ్వకండి.
ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో అమెరికాలోని ఒక నర్సింగ్ హోములో ఒక అంతస్తు వాళ్లకు మొక్క కావాలో వద్దో, సినిమా ఏ రోజు చూస్తారో తేల్చుకోమన్నారు. వాళ్లు మరింత చురుగ్గా, సంతోషంగా తయారయ్యారు. చురుకైనవాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు. మొక్కలు తీసుకెళ్లకండి, అరటిపళ్లు తీసుకెళ్లండి.

6. ప్రశ్నావళి అందరి ముందే నింపించండి.
నిర్బంధాన్ని కొలవడానికి 1990ల్లో మెక్‌ఆర్థర్ కొలమానం వచ్చింది. ఆసుపత్రికి రావాలన్నది మీ ఆలోచనేనా, ఎంచుకున్నది మీరేనా, పగ్గం మీ చేతిలోనే ఉందా అంటూ అయిదు ముక్కలు అడుగుతుంది. మంచి కొలమానమే. మీరు దాన్ని మేనేజరు పక్కన నిలబడి ఉండగా, రాత్రి డైపరు మార్చాల్సిన ఆయమ్మ వింటూ ఉండగా అడగండి. ప్రతి ప్రశ్న చివర 'కదా' తగిలించండి: 'ఇక్కడికి మీ ఇష్టంతోనే వచ్చారు కదా?' అందరూ 'బాగానే చూసుకుంటారు నాయనా' అంటారు. నిర్బంధం సున్నా అని పట్టిక వేయండి. ఆశ్రమం వాళ్లు మీ తమ్ముణ్ని కూడా రానిస్తారు, అతనికీ పీహెచ్‌డీ కావాలేమో.

7. కళ్లకు కనబడ్డదాన్ని రాతలో కడిగేయండి.
గదిలో పెట్టి గడియ వేస్తే 'ప్రశాంత వాతావరణం కల్పించబడింది'. అన్నంలో మాత్ర నలిపి కలిపితే 'ఔషధ స్వీకరణ సులభతరం చేయబడింది'. ఎవరు కల్పించారు, ఎవరు చేశారు అన్నది వాక్యంలో రానివ్వకండి. కట్టడికి ఒక చరిత్రా, ఒక చట్టమూ ఉన్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది పోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదంది. వేరే దారి లేనప్పుడు, ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొస్తుంటే తప్ప కట్టడి చేయకూడదనీ, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనేననీ షరతు పెట్టింది. ఇదంతా మొదటి అధ్యాయంలో రెండు వాక్యాల్లో తేల్చేయండి. మీ ఆశ్రమం వరండాలో ఒక బామ్మను కుర్చీకి కట్టింది పాత నేతచీరతో. చీర గొలుసు కాదు గదా. పైగా మెత్తగా ఉంటుంది.

8. కాదన్నవాళ్లకు జబ్బు అంటగట్టండి.
ప్రతి ఆశ్రమంలోనూ ఒక మామ్మగారు ఉంటారు. 'నువ్వెవరు? నా మాటలు నీకెందుకు? ఆ మిషను ఆపు' అంటారు. ఆవిడ పేరు ఎదురుగా 'సహకరించలేదు, మతిమరుపు లక్షణాలు' అని రాయండి. మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయశక్తి లేదని అనుకోకూడదని అదే 2017 చట్టం అంటుంది. అది చికిత్స గురించి రాసిన మాట, ఇంటర్వ్యూ గురించి కాదు అని వాదించండి. వైవాలో ఎవరూ అంత లోతుకి పోరు, లంచ్ టైమ్ అవుతుంటుంది. ఆవిడ మరీ గట్టిగా అరిస్తే రికార్డింగు దాచుకోండి, 'భావోద్వేగ అస్థిరత' అధ్యాయానికి అంతకంటే మంచి ముక్క దొరకదు.

9. ఎథిక్స్ ఫారంలో 'అపాయం' గడిలో 'లేదు' అని, 'ప్రయోజనం' గడిలో 'సమాజానికి' అని రాయండి. మిగతావి సీనియర్ ఫారం చూసి దించేయండి. ఆశ్రమం పేరు మార్చడం మరవకండి.

10. చివరి రోజు శాలువా తీసుకెళ్లండి.
శాలువా మేనేజరుకి. పెద్దలందరినీ వెనక వరుసలో కూర్చోబెట్టి ఫొటో దిగండి. కూర్చోనివాళ్లను ఆయమ్మ కూర్చోబెడుతుంది. థీసిస్ కృతజ్ఞతల పేజీలో 'స్వచ్ఛందంగా పాల్గొన్న వృద్ధులందరికీ' అని రాయండి. వాళ్ల పేర్లు ఎప్పుడూ అడగలేదని అప్పుడు గుర్తొస్తుంది. కంగారు పడకండి, 'గోప్యత దృష్ట్యా పేర్లు ఇవ్వడం లేదు' అని కింద ఒక లైను వేయండి.