మంట ఆరకూడదట!

వీణకీ వచ్చేసింది 21 రోజుల ఛాలెంజ్. పంచదార మానడానికీ, తెల్లారగట్ల లేవడానికీ, పొట్ట కరగడానికీ వచ్చినప్పుడు నోరు మూసుకుని కూర్చున్నాం కదా, ఇప్పుడు పడదాం. రోజూ పది నిమిషాలు సరళీ స్వరాలు, వాట్సాప్ గ్రూపులో వీడియో, యాప్‌లో టిక్కు. 22వ రోజు నుంచి సాధన దానంతటదే జరిగిపోతుందట. మనం పక్కగదిలో సీరియల్ చూసుకోవచ్చు కాబోలు.

పోస్టరు మీద వేమన వేపాకు పద్యం కూడా వేశారు. ఆయన తినమన్నాడు గానీ, తింటూ సెల్ఫీ తీసి పంపమన్నట్టు నేనెక్కడా చదవలేదు.

ఈ 21 పుట్టింది సంగీతంలో కాదు, ఆపరేషన్ బల్ల మీద. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశాడు. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటుపడడానికి కనీసం 21 రోజులు పడుతోందన్నాడు. ఆ ‘కనీసం’ దారిలోనే జారిపోయింది. తర్వాత లండన్ పరిశోధకులు లెక్కగడితే, రోజూ ఓ పండు తినడం, ఓ గ్లాసు నీళ్లు తాగడం లాంటివి అలవాటు కావడానికే సగటున 66 రోజులు పడుతుందని తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. పండు తినడానికే అంత పడితే, మాయామాళవగౌళ మూడు కాలాల్లో పలకడానికి మూడు వారాలట!

ఇక ఆ మంట బొమ్మ. టిక్కు పెట్టిన ప్రతిరోజూ యాప్‌లో మంట వెలుగుతుంది, పక్కన అంకె పెరుగుతుంది. ఒక్కరోజు తప్పితే సున్నా. వీణ ముట్టుకున్నారా లేదా అన్నది మంటకు పట్టదు. తంబురా శ్రుతి పెట్టి, ఫోను బల్లమీద పడేసి, పప్పు తాలింపు వేసుకొచ్చినా వెలుగుతూనే ఉంటుంది.

మంటకు మర్యాదలు కూడా ఉన్నాయి. 50 దాటితే రంగు మారుతుంది. 100 దాటితే గ్రూపులో చప్పట్ల బొమ్మలు, సరస్వతీదేవి స్టిక్కరు. మోహనంలో గీతం వచ్చిందా అని అడిగినవాడు అసూయాపరుడు.

ఊరెళ్లి వీణ ముట్టకపోయినా భయంలేదు. ‘ఫ్రీజ్’ కొనుక్కోవచ్చు. సాధన చెయ్యని రోజును డబ్బిచ్చి చేసినట్టు రాయించుకునే సదుపాయం! వెనకటికి హాజరుపట్టీలో దొంగసంతకం పెడితే బడిపంతులు చెవి మెలేసేవాడు. ఇప్పుడు రసీదిస్తున్నారు.

మా పక్క ఫ్లాటు పిల్ల జ్వరంతో పడుకుంటే, అర్ధరాత్రి కాబోతోందని వాళ్లమ్మ లేపి వీణ ముందు కూర్చోబెట్టింది. మంట ఆరిపోతుందట. ఇంకేం వ్యంగ్యం రాయను? సిగ్గుండాలి. ఒంట్లో బాగాలేని పిల్లను ఏడిపించి మోగించిన తీగను సంగీతం అంటారా? పదేళ్లకే వీణంటే ఒళ్లు మండేలా చేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెడతారా? అలవాటుకు మంచీ చెడూ తెలియవు. తప్పు మెట్టు మీద రోజూ వేలు పడితే ఆ తప్పే గట్టిపడుతుంది. వంద రోజులు గట్టిపడ్డ తప్పును విప్పలేక చచ్చేది తర్వాత వచ్చే మాస్టారు.

రోజూ వాయించాలని యాప్ పుట్టకముందు ఎవరికీ తెలియదా? విజయనగరం సంగీత కళాశాల 1919లోనే పెట్టారు. అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పారు. మంట బొమ్మ పెట్టలేదు. జంట వరుసల్లో రెండో స్వరానికి ఊనిక పడకపోతే మంచి గురువు అక్కడే ఆపేస్తాడు. మూడో కాలంలో తాళం తప్పితే మళ్లీ మొదటి కాలానికి పంపుతాడు. ఆ పూటంతా నాలుగు స్వరాల దగ్గరే తెల్లారిపోవచ్చు. చూసేవాళ్లకు ముందుకెళ్లినట్టే ఉండదు. వీడియోకు అసలు పనికిరాదు.

10,000 గంటలు సాధన చేస్తే చాలు, విద్వాంసులైపోతామనే భక్తులు వేరే ఉన్నారు. ఆ అంకెకు మూలమైన 1993 నాటి వ్యాసంలోనే, అంటే ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త బృందం రాసినదాంట్లోనే, బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల్లో బాగా వాయించేవాళ్లు మధ్యాహ్నం కునుకూ ఎక్కువే తీసేవారని ఉంది. కునుకు ఛాలెంజ్ మాత్రం ఎవరూ పెట్టరు.

వచ్చే నెల మృదంగానికట. ముందుగా డబ్బు కట్టినవాళ్లకు రెండు ఫ్రీజులు ఉచితం.