తాకితే పలకాలి

నా మీద ‘బిల్లు కట్టండి’ అని రాసి ఉంటుంది. కరెంటు బిల్లులు కట్టే యాప్‌లో, పేజీ అడుగున నా చోటు. ముదురు నీలం ఒళ్లు, తెల్లటి అక్షరాలు, కొద్దిగా గుండ్రం చేసిన మూలలు. ఎత్తు 48 డీపీ. ఏ ఫోన్‌లో చూసినా దాదాపు 9 మిల్లీమీటర్లు వస్తుంది. బొటనవేలు గురి తప్పకుండా ఆనాలంటే ఆమాత్రం చోటు కావాలి.

ఆండ్రాయిడ్‌లో సాదా బటన్‌కి నొక్కినప్పటి రూపం పుట్టుకతోనే వస్తుంది. నన్ను తయారుచేసిన అమ్మాయి నా బ్యాక్‌గ్రౌండ్‌కి నేరుగా నీలం రంగు ఇచ్చేసరికి ఆ రూపం కాస్తా పోయింది. వేలు పెట్టినా అదే నీలం, తీసినా అదే నీలం. యాప్ ఇంకా తయారీలో ఉండగానే ఆమె ఫోన్ తెచ్చి వాళ్ల నాన్న చేతికిచ్చింది. ఆయన నొక్కారు. నాలో చలనం లేదు. ఇంకాస్త గట్టిగా అదిమారు. అద్దానికి బలంతో పనిలేదు. వేలు ఆనినప్పుడు విద్యుత్తులో వచ్చే చిన్న మార్పునే అది పసిగడుతుంది. ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

“ఏమ్మా, పడిందా లేదా? రెండుసార్లు డబ్బులు పోతాయేమో!”

“పోవు నాన్నా, ఇది ఉత్త టెస్టింగే,” అంది. ఆయన ముఖంలో బెరుకు మాత్రం పోలేదు. ఆ బెరుకు పోగొట్టడమే నా పని. పిలిస్తే మనిషి ‘ఆఁ’ అన్నట్టు, తాకితే నేను పలకాలి.

ఆ సాయంత్రమే ఆమె సెలెక్టర్ అనే చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు రాసింది. అందులో రెండే వరసలు. పైన మామూలు నీలం, కింద నొక్కినప్పటికి ఇంకా ముదురు నీలం. రన్ చేస్తే మళ్లీ పాత కథే. సిస్టమ్ ఆ ఫైలును పైనుంచి కిందికి చదువుతుంది, ముందుగా ఏ వరస సరిపోతే దాన్నే తీసుకుని అక్కడితో ఆగిపోతుంది. ఏ షరతూ లేని మామూలు రంగు పైన కూర్చుంటే, నొక్కినా నొక్కకపోయినా అదే సరిపోతుంది. కింది వరసను పైకి జరిపింది. మొదటిసారి నా రంగు మారింది.

అయితే నొక్కే వేలే నన్ను సగం కప్పేస్తుంది కదా! అందుకే రిపుల్ కూడా పెట్టింది. 2014లో ఆండ్రాయిడ్ 5.0, అంటే లాలీపాప్‌తో వచ్చిన పద్ధతి అది. వేలు ఆనిన చోట పుట్టిన పల్చటి వెలుగు నా అంచులదాకా పాకుతుంది.

తొందరపడి పలకడం కూడా మంచిది కాదు. పేజీని పైకి తోసేవాళ్ల వేలు నా మీదుగానే పోతుంది. ప్రతిసారీ నేను వెలిగితే చూసేవాళ్లు హడలిపోతారు. అందుకని జరిగే పేజీలో ఉన్నప్పుడు సెకనులో పదో వంతు ఆగి, వేలు నొక్కడానికొచ్చిందా తోయడానికొచ్చిందా అని చూస్తాను. ఆలోపే టక్కున నొక్కి తీసేసినవాళ్లకు కూడా నొక్కిన రూపాన్ని 64 మిల్లీసెకన్లు చూపిస్తాను. లేకపోతే కంటికి ఆనదు.

నాకు అన్నిటికంటే విలువైన క్షణం వేరే ఉంది. వేలు ఆనగానే రంగు మారతాను గానీ, పని మొదలుపెట్టేది వేలు పైకి లేచాకే. ఈ మధ్యలో మనిషికి మనసు మార్చుకునే వీలుంది. మొత్తం తేడాగా కనిపించిందా, వేలు ఎత్తకుండా పక్కకి జరిపేస్తే చాలు. నా రంగు మామూలైపోతుంది, రూపాయి కదలదు. ఐఫోన్‌లోనైతే జరిపిన వేలును మళ్లీ వెనక్కి తెస్తే బటన్ మళ్లీ రంగు మారుతుంది. ఇక్కడ వేలెత్తి కొత్తగా నొక్కాలి. నా ముదురు నీలం చెప్పేది ‘విన్నాను, ఇంకా సమయం ఉంది’ అనే. ‘కట్టేశాను’ అని కాదు.

నొక్కగానే బటన్‌ని బూడిదరంగులోకి మార్చే డిజైన్లు కొన్ని చూశాను. నాకవి బొత్తిగా నచ్చవు. వెలిసిన రంగంటే ‘ఇప్పుడు పనిచేయను’ అని జనానికి అలవాటైపోయింది. నేను వెలిసిపోవాల్సింది వేలు ఎత్తాక, బ్యాంకు నుంచి జవాబు వచ్చేదాకా. అప్పుడు నా మీది అక్షరాలు ‘కడుతున్నాం’ అని మారతాయి, ఎన్నిసార్లు పొడిచినా రెండో చెల్లింపు వెళ్లదు.

ఇప్పుడామె డార్క్ థీమ్ పనిలో ఉంది. నల్లటి పేజీ మీద ముదురు నీలం ఇంకా ముదిరితే ఎవరికీ కనిపించదు గనక, అక్కడ నొక్కినప్పుడు నేను లేతబడాలి. మరీ లేతబడితే తెల్ల అక్షరాలు చదవడం కష్టం. కాంట్రాస్ట్ 4.5కి తగ్గకుండా ఒక్కో నీలమూ పెట్టి చూస్తోంది.