నిఘాకీ ఓ హద్దుండాలి

పెళ్లిలో తాళి కట్టే వేళకు అతిథులకు కనిపించేవి ఫోటోగ్రాఫర్ల వీపులే. సాఫ్ట్‌వేర్ నడకను గమనించడానికి అందులో పెట్టే ప్రోబుల సంగతీ అంతే. ప్రోగ్రామ్ ఎందుకు నత్తనడక నడుస్తోందో తేల్చమని దించిన ప్రోబులే దాని కాళ్లకు అడ్డం పడితే, చివరికి తేలే దోషి దర్యాప్తు అధికారే. అందుకే అంటాను: పరిమితులుంటేనే ప్రోబుల సాక్ష్యానికి విలువ.

ఈ జాగ్రత్త పనిముట్లు చేసినవాళ్లకు మొదటినుంచీ ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రయన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంథాల్ తయారుచేయగా 2005లో సోలారిస్ 10తో వచ్చిన ప్రోబుల పనిముట్టు డీట్రేస్‌నే చూడండి. దాని భాషలో లూపులే లేవు. చూసింది రాసుకుని తప్పుకోవాలి తప్ప అక్కడే ప్రదక్షిణలు కుదరవు. ప్రాసెస్‌లోని ఇన్‌స్ట్రక్షన్ ఇన్‌స్ట్రక్షన్‌కీ ప్రోబు పెట్టుకోమన్నారు గానీ, మొత్తం 2,50,000 దాటకుండా డీఫాల్ట్ హద్దు గీశారు. తనవల్ల యంత్రం ఉలుకూ పలుకూ లేకుండా పోతోందనిపిస్తే డీట్రేస్ తనంతట తానే విరమించుకుంటుంది; ఏ విచారణ సంఘానికీ ఇంతవరకు అబ్బని గుణమిది. లినక్స్‌ది ఇంకా చాదస్తం. ప్రోబుకు తగిలించే ఈబీపీఎఫ్ ప్రోగ్రామును వెరిఫయర్ అనే తనిఖీదారు క్షుణ్ణంగా పరీక్షించాకే కెర్నెల్ లోపలికి రానిస్తుంది, వచ్చాక స్టాక్‌కి 512 బైట్లే విదిలిస్తుంది. అక్కడే కెర్నెల్‌లో ప్రోబులు పెట్టే కేప్రోబ్స్ అయితే తన సొంత యంత్రాంగంలోని ఫంక్షన్ల మీద ప్రోబు పెట్టనివ్వదు. పెట్టనిస్తే ప్రోబు మీద ప్రోబు మోగి, అసలు పని మొదలయ్యేలోపు యంత్రం కూలబడుతుంది.

‘ఇంత బలమైన సర్వర్లుండగా ఈ పిసినారితనమేమిటి?’ అంటారు కొందరు. లెక్క వేద్దాం. ప్రోబు ఒకసారి మోగడానికి ఒక్క మైక్రోసెకను పడుతుందనుకోండి. సెకనుకు పది లక్షలసార్లు నడిచే ఫంక్షన్ మీద దాన్ని పెడితే, ప్రతి సెకనులోనూ ఒక సెకను ప్రోబుకే పోతుంది. అంటే ఒక కోర్ మొత్తం నిఘా ఖాతాలో జమ. అసలు ఉద్యోగి కూర్చోవడానికి కుర్చీ కూడా మిగలదు.

‘హద్దుల పేరుతో చూడకుండా వదిలేసినదాంట్లోనే అసలు దొంగ ఉంటే?’ అన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. నిజమే, ఉండొచ్చు. కానీ రద్దీ ఎక్కువున్న చోట జబ్బు ఒక్కసారి వచ్చి ఊరుకోదు, పదే పదే వస్తుంది. గూగుల్ తన నిఘా వ్యవస్థ డాపర్ గురించి 2010లో ప్రకటించిన పత్రం ప్రకారం, 1,024 అభ్యర్థనల్లో ఒక్కదాన్ని గమనించినా అలాంటి సేవలకు సరిపోయింది. అరుదుగా వచ్చే జబ్బుకైతే ప్రోబులు పెంచేకన్నా షరతు బిగించడం మేలు: ఫలానా ప్రాసెస్‌లో, ఇంత ఆలస్యమైతేనే నమోదు చెయ్యమనాలి. పైగా బఫర్ నిండి వివరాలు జారిపోతే డీట్రేస్ ఎన్ని జారాయో చెబుతుంది. చూడనిదాన్ని చూడలేదని ఒప్పుకునే సాక్షి దొరకడమే గొప్ప. అన్నీ చూశానంటూ చూసినవన్నీ చెడగొట్టే సాక్షితో ఏం లాభం?

కాబట్టి ప్రోబు పెట్టేముందు దేనికి జవాబు కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం కుదరకపోతే ప్రోబు మానుకోండి. ప్రోగ్రామ్ దాని పని అది చేసుకుంటుంది.